బొగ్గుపెల్ల వంతు

మా బావ కూర్మయ్య ఎవర్నీ నమ్మీ మనిసి కాడు. తోటకూర కట్ట కొన్నా దారం ఇప్పి, నడిమద్దిన గడ్డి దూర్చారేమోనని సూసీవోడు. బస్సులో టిక్కెట్టిస్తే ఎనక్కి తిప్పి సూసీవోడు, ఎనకేటీ ఉండదని తెలిసినా సరే. మా అప్ప జగ్గమ్మ సల్ల పోస్తే ముందు వాసన సూసి, తరవాత నాలిక తగిలించి, అప్పుడు తాగీవోడు. "నీకు మందెట్టి సంపీ తీరికే నాకుంటే మిల్లులో కుట్టు సెడ్డుకెందుకెల్తానయ్యా!" అని అప్ప గిన్ని లాక్కునీది.

బావ పెల్లి సంగతి మా ఊల్లో ఇప్పటికీ సెప్పుకుంటారు. పిల్లని సూడ్డానికి మా ఇంటికొచ్చినప్పుడు "ఒకసారి నవ్వమనండి" అన్నాడు. మా అప్పకి ముందరి పన్ను కొంచెం ఇరిగుంటాది, అది సూసుకున్నాడు. బాగానే ఉన్నాది. పెల్లిరోజు పీటల మీద తెర దించీసరికి మల్లీ "నవ్వు" అన్నాడు! ఒకర్ని సూపించి ఇంకొకర్ని కూకోబెట్టారేమోనని అనుమానం. అప్ప నవ్విందిలే. ఆ నవ్వుకి మంత్రాలు సదివీ బాపనయ్య కూడా ఓ అడుగు ఎనక్కేసాడు.

ఇలాటి మనిసి సేతికి మిల్లులో అందరి కరెంటూ అప్పగించారు. ఇంక సెప్పాలా!

మాది భావనపాడు. సముద్రం మీద సేపల ఏటకెల్లీ ఇల్లు మాది, బావదీ అంతే. తుపానుకి నావ పోయిన ఏడు బావ ఇజీనగరం పక్కన జూటుమిల్లుకెల్లిపోనాడు. గోగునార సంచులు నేసీ మిల్లు. ముందు కూలి, తరవాత పవర్ హౌసులో తుడుపు పని, అలగ అలగ కరెంటు బోర్డు కాడికొచ్చాడు. మా అప్పకి కుట్టు సెడ్డులో పని దొరికింది. ఆఖర్ని నన్ను కూడా లాక్కెల్లి బాయిలరు కాడ బొగ్గెయ్యడానికి ఎట్టించాడు. నా పేరు దాలయ్య. నన్ను ఎట్టించాడు గాని, నన్నూ నమ్మీవోడు కాదు. బొగ్గేసి ఒస్తే "నిజంగా ఏసావా?" అనీవోడు.

మిల్లుకి కరెంటు రెండు దార్లన ఒచ్చీది. ఒకటి మాచ్‌ఖండ్ నించి కొండలు దాటొచ్చీ లైను. రెండోది మిల్లు సొంత టర్బైను, నా బాయిలరు ఆవిరితో తిరిగీది. రెండెడ్ల బండి అనుకోండి. ఒక ఎద్దు కాడి ఒగ్గీసి పడిపోతే ఏటి సేస్తారు? బండి మీద బస్తాలు గబగబా కిందకి తోసీయాల. తొయ్యకపోతే రెండో ఎద్దు కూడా మోకాల్ల మీద కూలబడతాది, ఇంక బండి నేదు బాడుగ నేదు. లైను పడిపోయిందంటే బోర్డు కాడ మనిసి ఏదో ఒక సెడ్డుకి కరెంటు దించీయాల. అదీ సిటికెలో. దించకపోతే టర్బైను ఆగిపోయి మిల్లు మిల్లంతా సీకటి. మల్లీ లేపడానికి పూటంతా పడతాది.

అంతకన్నా పెద్ద బాద ఇంకొకటుంది, అది నాది. బాయిలర్లోకి నీరు తోసీ పంపు కూడా కరెంటు మీదే నడిసీది. పాత ఆవిరి పంపొకటి ఉండీది గాని, అది అరిగిపోయి మూలపడింది. పొయ్యిలో నిప్పు మండతాదా, పైన నీరు ఆగిపోతాదా, ఇంకేటుంటాది? కడుపెండిన బాయిలరు పగిలిపోతాది. దాని ముందర నిలబడీవోడ్ని నాను.

అందుకని ఇంజినీరు గణపతిరావుగారు ఒక వరస కట్టారు. లైను పోతే ముందు కుట్టు సెడ్డు దించు. సాలకపోతే కోటర్సు, అదీ సాలకపోతే లూము సెడ్డు, ఆ తరవాత స్పిన్నింగు. పంపు జోలికి మాత్రం ఎప్పటికీ ఎల్లకు. కుట్టు సెడ్డు ముందెందుకంటే, సంచి కుడతా కుడతా సూది ఆగితే సూది ఆగుతాది అంతే, సరుకు పాడవదు. లూము ఆగితే నేతంతా సిక్కుపడతాది.

బావ ఆ వరస అలగే పాటించీవోడు. పాటించీవోడు గాని బోర్డు మీది ముల్లుని నమ్మీవోడు కాదు. ముల్లు పడిపోతే ముందు అద్దం మీద ఏలుతో కొట్టి, తరవాత గోడకి సెవి ఆనించి టర్బైను మోత ఇనీవోడు. మోత బొంగురుపోతే అప్పుడు హ్యాండిలు మీద సెయ్యేసీవోడు. గణపతిరావుగారు ఓసారి "కూర్మయ్యా, కొత్తగా ఒక పెట్టె వస్తోందోయ్, మోత తగ్గితే దానంతట అదే సెడ్డు దించేస్తుంది" అన్నారు. "ఆ పెట్టెని ఎవడు కాస్తాడు బాబూ?" అన్నాడు మా బావ.

బోర్డంటే బావకి పానం. పొద్దున్నే ఎల్లి హ్యాండిల్లన్నీ గుడ్డతో తుడిసీవోడు. తెల్ల సొక్కా తొడుక్కునీవోడు. భావనపాడులో తడిసిన గోసీతో తిరిగిన మనిసి కదా, ఆ తెల్ల సొక్కా మీద మరక పడితే మాకు తిట్లే.

ఇంక మిల్లులో అనుమానాలు మొదలయ్యాయి. అరవైఎనిమిది, అరవైతొమ్మిది నాటి మాట. వారంలో ఎప్పుడు లైను పడిపోతాదో దేముడికే తెలియాల. పడ్డప్పుడల్లా కుట్టు సెడ్డే ఆగీది. అక్కడంతా ఆడోల్లు, ఎన్ని సంచులు కుడితే అంత కూలి. మిసను ఆగితే ఒల్లో సేతులెట్టుకుని కూకోడమే. "ఒసే జగ్గీ, నీ మొగుడికి లూము సెడ్డోల్లు ఏటి మేపతన్నారే?" అని మొదలెట్టారు. అటు లూము సెడ్డు మొగోల్లేటన్నారో తెలుసా? "పెల్లాం అలిసిపోతాదని కూర్మయ్య సెడ్డు ఆపి కూకోబెడతన్నాడ్రా" అన్నారు! ఒకే పనికి రెండు అనుమానాలు, రెండూ బావ మీదే.

మేనేజరు అనుమానం ఇంకో రకం. కొండల్లో గొడవలు రేగిన రోజులవి. కరెంటు పోతే సాలు, ఎవడో ఏదో తీగ కోసీసాడని ఆయన గుండె దడ. ఓ రోజు పోలీసు జీపొచ్చి, బావని పిలిసి "మీ సుట్టాలెవరైనా కొండలేపు ఉన్నారా?" అని అడిగారు. "మావోల్లంతా సముద్రం ఏపండి" అన్నాడు బావ. దానికీ ఆల్లు ఒకల్నొకలు సూసుకున్నారు.

ఇంట్లో మా అప్ప సరేసరి. "మిల్లు మొత్తం మీద నా సెడ్డే దొరికిందేటి నీకు? తోటోల్లు నా మొగం మీద ఉమ్మేస్తన్నారు. నాకు తిండెట్టడం ఇస్టం నేకపోతే తిన్నగా సెప్పు!" అని సట్టి దబ్బున దించీది. బావ ఆ సట్టిలో పులుసు వాసన సూసి "ఇంజినీరు బాబు కట్టిన వరసే జగ్గీ" అనీవోడు. "అలాగైతే నీ ఇంజినీరు బాబునే పులుసెట్టమను" అనీది.

యూనియన్ నాయకుడు నరసింగరావు. ఆడోల్లు గోల పెట్టీసరికి గేటు కాడ మీటింగు పెట్టి అందరి ముందరా సెప్పీసాడు: "కూర్మయ్య పక్షపాతం సేసినట్టు ఇంకొక్క మాట ఒచ్చిందంటే బోర్డు మీంచి తీయించి గొడౌన్లో నార బేల్లు మొయ్యడానికి ఏయిస్తాం. నేకపోతే సమ్మె." మేనేజరు తలూపీసాడు. జూటు బేలు బరువు మీకు తెలుసో నేదో. నడుం ఇరిగిన కుర్రోల్లని సూసాను నాను. బావకేమో జుట్టు నెరిసిపోతన్నాది. ఆ రాత్రి అన్నం కాడ తెల్ల సొక్కా మడత పెట్టుకుంటా కూకున్నాడు, ముద్ద ముట్టనేదు. 

అప్పుడు తాతమ్మ ఒక మాట తెచ్చింది. తాతమ్మంటే కుట్టు సెడ్డుకి పెద్దమ్మ లాటిది, భీమిలి దగ్గిర పేటలోది, అదీ మాలాగే ఏట ఇంటి మనిసే. "ఇంజినీరు వరసా వద్దు, కూర్మయ్య వరసా వద్దు. ఒడ్డు మీద సేపల్ని ఎలగ పంచుకుంటామో అలగ వంతులేద్దాం" అన్నాది.

ఏట సంగతి తెలీనోల్లకి సెప్తాను. నావ ఒడ్డుకొచ్చాక సేపల్ని ఇసక మీద కుప్పలు పోస్తారు. ఎంత సమంగా పోసినా ఒక కుప్పలో మంచి సేప ఎక్కువుంటాది, ఒక కుప్పలో పనికిరాని పీసు ఎక్కువుంటాది. ఎవడిది ఏదో తేలాల కదా. ఒక్కొక్కడూ ఒక గురుతిస్తాడు, ఒకడు గవ్వ, ఒకడు పుల్ల, ఒకడు బీడీముక్క. ఏ గురుతు ఎవడిదో తెలీని దారినపోయీ మనిసిని పిలిసి కుప్పకొకటి పడీమంటారు. నీ గురుతు పడిన కుప్ప నీది. ఇంక నోరెత్తడానికి నేదు. అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్న రోజున కూడా వంతు కాడ నోరెత్తగా నాను సూడనేదు.

మిల్లులో సగంమంది సముద్రం ఏపోల్లే. అందరికీ ఆ మాట నచ్చీసింది. సెడ్డుకొక గురుతు తెచ్చారు. లూము సెడ్డుకి నాడె, స్పిన్నింగుకి బాబిను, కుట్టు సెడ్డుకి దబ్బనం, కోటర్సుకి సీపురుపుల్ల. గేటు ముందర సున్నంతో గుండ్రాలు గీసారు. గోడ పక్క గుండ్రంలో ఎవరి గురుతు పడితే ఆ సెడ్డు ముందు దించాల, అది సాలకపోతే రెండో గుండ్రంలోది, అలగ.

గణపతిరావుగారు ఒచ్చి "మిగతావి మీ ఇష్టం. పంపుని మాత్రం ఇందులో కలపకండి" అన్నారు. అంతే, తాతమ్మ కల్లు సిన్నవైపోయాయి. "ఎందుకు కలపకూడదు? ఒక కుప్పని పక్కన పెట్టారంటే పెద్ద సేప అందులోనే ఉన్నాదన్నమాట" అన్నాది. ఆడోల్లంతా అవునవునన్నారు. నాకు ఒల్లు మండిపోనాది. "ఓలప్పో, అది సేప కాదే తల్లీ, నా పానం! నీరాగితే నాను పేలిపోతాను!" అని అరిసాను. "నువ్వు కూర్మయ్యకి బావమరిదివి, నువ్వలగే అంటావు" అన్నాది. ఇంజినీరు సెప్తే ఆపీసరు మాట, నాను సెప్తే సుట్టం మాట. తెలిసినోడి మాట పనికిరాదు, తెలీనోడికి నోరు పెద్దది. మేనేజరేమో సమ్మెకి బయపడి "కానీండి, కానీండి" అనీసాడు. బాయిలరు పేరు మీద ఒక బొగ్గుపెల్ల తెచ్చి మిగతా గురుతుల్లో పడీసారు.

నాను బావ కాడికి పరిగెట్టాను. "నువ్వైనా సెప్పు బావా, నీ బోర్డు కదా!" అన్నాను. బావేటన్నాడో తెలుసా? "పడనీరా. వంతు తప్పు సెయ్యదు" అన్నాడు.

సల్లని నమ్మడు, టిక్కెట్టుని నమ్మడు, ముల్లుని నమ్మడు, కట్టుకున్న పెల్లాం పన్నుని నమ్మడు, వంతుని నమ్ముతాడంట! బుద్దెరిగిన కాన్నించి ఈ లోకంలో బావ అనుమానించనిది అదొక్కటే. ఆల్ల నాన్న నావ మీద పెరిగిన మనిసి కదా, అది రక్తంలో ఉండిపోనాది.

పాతపట్నం నించి సింతపండు గంపెత్తుకొచ్చిన ముసల్ది ఒకర్తి రోడ్డున పోతంటే పిలిసారు. సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడతాది. దానికి గురుతులూ తెలీవు, మిల్లూ తెలీదు. గంప దించి, గురుతులు ఒల్లో ఏసుకుని, ఒక్కొక్కటి తీసి పడీసింది. గోడ పక్కన నాడె పడింది. రెండోది సీపురుపుల్ల. మూడోది బొగ్గుపెల్ల. నాలుగోది దబ్బనం. ఆఖర్ది బాబిను. నా కల్లు మాత్రం బొగ్గు మీదే.

"మూడో వంతు దాకా ఎప్పుడోగాని రాదులేరా" అన్నాడు బావ, నా బుజం మీద సెయ్యేసి. ఆ సెయ్యి తోసీసాను.

కొన్నాల్లు బాగానే ఉన్నాది. లైను పోతే లూము సెడ్డు ఆగీది. లూము మొగోల్లు మూతులు ముడుసుకున్నారు గాని నోరెత్తనేదు, వంతు కదా. బావ నన్ను సూసి "సూసావా?" అనీవోడు. నాను మాత్రం బొగ్గేసినప్పుడల్లా నీటి అద్దం కేసి సూసీవోడ్ని. బాయిలరుకి ఒక గాజుగొట్టం ఉంటాది, లోపల నీరెంతుందో అందులో కనిపిస్తాది. అది నా దేముడైపోనాది.

ఎండలు ముదిరాయి. ఓ మజ్జేనం, బొగ్గు తట్ట ఎత్తబోతంటే పవర్ హౌసు గోడ అవతల మోత ఒక్కసారి బొంగురుపోనాది. లైను పూర్తిగా పడిపోయింది, అంతకుముందు పడినట్టు కాదు. హ్యాండిలు టపీమన్నాది, లూము సెడ్డు ఆగింది. మోత ఇంకా కుంగతానే ఉన్నాది. మల్లీ టప్. కోటర్సు. మజ్జేనం పూట కోటర్సులో ఏటుంటాది, నాలుగు పంకాలు! మోత ఆగనేదు, కిందకి కిందకి దిగిపోతన్నాది. మూడోది తియ్యాల. మూడోది నాదే. నా పొయ్యి బగబగా మండతన్నాది. తట్ట కింద పడీసి అద్దం ముందర నిలబడిపోనాను. పారిపోదామంటే కాల్లు రానేదు. "పైడితల్లీ!" అన్నాను. అదొక్కటే నోటికొచ్చింది.

మల్లీ టప్ మన్నాది. నా పంపు మోత మాత్రం గుడగుడా ఇనిపిస్తానే ఉన్నాది. టర్బైను మెల్లిగా గొంతు సవరించుకుని మల్లీ లేసింది. అద్దంలో నీరు ఉన్నకాడే ఉన్నాది. నాను కింద కూలబడి ఏడిసాను, సిగ్గేటి, ఏడిసాను.

బావ బొగ్గుని దాటీసి, నాలుగో వంతు దబ్బనాన్ని దించీసాడు. కుట్టు సెడ్డుని.

ఇంకేటుంది! సాయంత్రం కూత ఏసీసరికి గేటు కాడ ఆడోల్లంతా మూగీసారు. "వంతు మీరాడు! దేముడు సెప్పిన వంతు మీరి మల్లీ మా సెడ్డే తీసాడు! సూసారా, ఇన్నాల్లూ మా అనుమానం అబద్దమా?" అని తాతమ్మ మట్టెత్తి పోసింది. ఆల్ల మద్దిలో మా అప్ప. ఒకర్తి దాని సీర కొంగు పట్టుకు లాగింది.

మర్నాడు సైకిలు స్టాండు నీడన ఇచారన పెట్టారు. మేనేజరు, నరసింగరావు, తాతమ్మ కూకున్నారు. బావ నిలబడ్డాడు. "మోత ఆగనేదండి. పంపు దించితే మిల్లు మిగలదండి, మా దాలిగాడు మిగలడండి" అన్నాడు. గణపతిరావుగారు "అతను చేసింది సరైన పని" అన్నారు. "ఆపీసర్లంతా ఒకటే" అన్నాడు నరసింగరావు. అప్పుడు నన్ను పిలిసి నరసింగరావే అడిగాడు.

"ఒరే దాలయ్యా, నిన్న బాయిలర్లో నీల్లు తగ్గాయా, నేదా? ఒక్క ముక్కలో సెప్పు."

"తగ్గనేదండి. ఎందుకు తగ్గనేదంటే..."

"అదిగో!" అని తాతమ్మ సేతులు సరిసింది. "నీల్లు తగ్గనే నేదంట! ఏ ముప్పూ నేనప్పుడు ఏ ముప్పుని తప్పించాడయ్యా ఈ మగానుబావుడు?"

"పంపు ఆపనేదు గనకే కదే తగ్గనేదు! ఆపుంటే ఈ ముక్క సెప్పడానికి నానుండీవోడ్నా?" అని గొంతు సించుకున్నాను. ఇంటేగా! ఒక్క ముక్కలో సెప్పమన్నారు, సెప్పాను, నిజమే సెప్పాను. ఆ నిజమే తీసికెల్లి బావ మెడకి సుట్టీసారు. జరిగినదానికి సాచ్చికం ఉంటాది. జరగనిదానికి ఎవడు సెప్తాడు సాచ్చికం? బాయిలరు పేలి నాను సచ్చుంటే మా బావ మంచోడయ్యీవోడు!

బావని గొడౌనుకేసీసారు. బోర్డు కాడికి నూకయ్యని తెచ్చారు, ఎవరి తాలూకూ కాని మనిసని.

ఆ రోజు ఇంట్లో అప్ప బావని అడిగింది. అరవనేదు, అదే నాకు బయమేసింది. "నిజం సెప్పు మావా. బొగ్గుని దాటీసావు, సరే. మా తమ్ముడు బతికాడు. దబ్బనం తరవాత ఇంకా బాబినుంది. వంతు ఎలాగూ మీరావు కదా, అదే తియ్యొచ్చు. నా సెడ్డే ఎందుకు తీసావు?"

బావ తెల్ల సొక్కా ఇప్పి దండెం మీద ఏసి వొచ్చి కూకున్నాడు. "స్పిన్నింగులో సేతులు మిసన్లో ఉంటాయి. మీకాడ సూది ఆగితే సూది ఆగుతాది" అన్నాడు. ఇంకా ఏదో ఉన్నట్టు నేల కేసి సూసాడు. "ఇంకోటి కూడా. ఎవరి సెడ్డు తీసినా అందరూ నన్ను దొంగే అంటారు. నీ సెడ్డైతే, అంతమందిలో 'నా మొగుడు అలాటోడు కాడు' అనీ మనిసి ఒకర్తి ఉంటాది గదా అనుకున్నాను."

మా అప్ప సట్టి అలగే పట్టుకుని నిలబడిపోనాది. ఆ మాట అది సెడ్డులో ఎప్పుడూ అననేదు. నా ఎదర ఎప్పుడూ ఏడవని మనిసి, ఆ రోజు పొయ్యి కేసి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. బావ లేసి గిన్నిలో సల్ల తనే పోసుకుని, వాసన సూడకండా తాగీసాడు.

ఒకసారి మీరిన వంతు సెడిపోయినట్టే. మల్లీ ఎయ్యాలన్నారు. ఆదివారం పొద్దున్న మల్లీ సున్నం గుండ్రాలు, మల్లీ గురుతులు. ఉప్పు బస్తా మోసుకుపోతన్న ఒకడ్ని పిలిసారు. ఆడు గురుతులు దోసిట్లోకి తీసుకుంటంటే మా అప్ప జనాన్ని తోసుకుంటా ఒచ్చి, ఆడి సేతిలోంచి బొగ్గుపెల్ల లాక్కుంది.

"ఒసే! ఏటా పని?" అని తాతమ్మ లేసింది.

"తాతమ్మా, నువ్వు ఏట ఇంటి దానివేనా?" అన్నాది మా అప్ప. "ఒడ్డు మీద సేపలు పంచినప్పుడు మనుసులకి వంతులెయ్యకముందు ఏటి తీస్తారు? సెప్పు. అందరూ ఇనీటట్టు సెప్పు."

సముద్రం ఏపోల్లందరికీ తెలుసు. ముందు నావ వంతు తీస్తారు. నావకీ వలకీ తీసి పక్కన పెట్టాకే మనుసుల కుప్పలు. దానికి గురుతు పడదు, దానికి దారినపోయీవోడు అక్కర్నేదు. ఎంత కరువు ఏట ఒచ్చినా నావ వంతు మీద సెయ్యేసినోడు నేడు.

"పంపు ఎవరి వంతూ కాదు. అది నావ. మనమంతా దాని మీదున్నాం" అన్నాది అప్ప. బొగ్గుపట్టిన సెయ్యి సీరకి తుడుసుకోనేదు, అలగే పైకెత్తి సూపించింది. "కుప్ప పక్కన పెడితే పెద్ద సేపుంటాదన్నావు. నావని పక్కన పెడితే అనుమానించినోడ్ని నాను మాత్రం ఇంతవరకు సూడనేదు."

తాతమ్మే ఒచ్చి ఆ బొగ్గుపెల్ల తీసుకుని, గేటు గూట్లో, పసుపు రాసిన రాయి పక్కన పెట్టీసింది. "ఇది వంతులోది కాదు" అన్నాది, అందరికీ ఇనిపించీలాగ.

అప్పుడు మిగతా గురుతులు పడ్డాయి. గోడ పక్క మొదటి గుండ్రంలో ఏటి పడిందో తెలుసా? దబ్బనం! మా అప్ప సూసి, ఇరిగిన పన్ను కనిపించీలాగ నవ్వింది.

బావని మాత్రం మల్లీ బోర్డు కాడికి తేనేదు. అదేటని నరసింగరావుని నిలదీసాను. "పంపు మాట ఏరు, వంతు మీరిన మాట ఏరు" అన్నాడు. ఆ మనిసితో మాటలాపీసాను, ఇప్పటికీ నేవు.

ఆ తరవాత మొదటిసారి లైను పోయినప్పటి సంగతి అప్ప సెప్పింది. కుట్టు సెడ్డు టప్ మని ఆగిపోనాది. తాతమ్మ అలవాటు కొద్దీ సేతులెత్తి "ఓరి కూర్మయ్యా, నీ సేతులు..." అని మొదలెట్టి ఆగిపోయిందంట. ఆగిన మిసన్ల మద్దిలోంచి మా అప్ప అన్నాదంట, "నా మొగుడు అక్కడ నేడు తాతమ్మా. ఇప్పుడెవర్ని తిడతావు?" అందరూ లైనొచ్చీదాకా అలగే కూకున్నారంట.

బావ గొడౌన్లో బేల్లు మోసాడు. నడుం వొంగిపోనాది. లైను పోయినప్పుడు ఈపు మీద బేలుతో అలగే ఆగిపోయి, తలొంచి మోత ఇనీవోడంట. ఒక సెయ్యి గాల్లోకి లేసీదంట, దేన్నో దించడానికి. పక్కోల్లు నవ్వీవోల్లు.

సాయంత్రం కూత అవ్వగానే గేటు కాడ నా కోసం కాసుక్కూకునీవోడు. నన్ను సూడగానే ఒకటే ప్రశ్న.

"ఈయాల లైను పోయింది గదా. నీల్లు తగ్గాయా?"

"తగ్గనేదు బావా."

"కల్లారా సూసావా?"

"సూసాను."

"అద్దం మీద మసి ఉంటాది. తుడిసి సూసావా?"

"తుడిసే సూసాను బావా. తగ్గనేదు."

అప్పుడుగాని తువ్వాలు బుజం మీదేసుకుని ఇంటికి కదిలీవోడు కాదు.